ఎవరండీ ఈ పిల్ల?

మా పిన్ని మా చెల్లి మీద పుస్తకం రాసింది. పిన్నికి పిల్లల పుస్తకాలు రాయడం కొత్తేమీ కాదు. ఇంతకుముందు పళ్ళు తోముకోని కుందేలు మీద ఒకటి, కోతలు కోసే ఉడుత మీద ఒకటి, చేతులు కడుక్కోని ఎలుగుబంటి మీద ఒకటి రాసింది. ఎలుగుబంటి పుస్తకం చదివి ఎంతమంది పిల్లలు చేతులు కడుక్కున్నారో నాకు తెలియదు గాని, అడవిలో ఎలుగుబంటికి సబ్బు ఎవరిచ్చారని అడిగి నేను మాత్రం తిట్లు తిన్నాను. అడవిలో జంతువులన్నీ బాగుపడిపోయాక మిగిలింది మా ఇల్లే కాబట్టి, పిన్ని చూపు మా వైపు తిరిగింది.

మా చెల్లికి ఆటిజం ఉంది. దానికి తొమ్మిదేళ్ళు, నాకు పన్నెండు. ఆటిజం అంటే ఏమిటో చిన్నపిల్లలకు అర్థమయ్యేలా చెప్పే కథలు లేవనీ, ఆ లోటు తాను తీరుస్తాననీ పిన్ని ఒక ఆదివారం మా ఇంట్లో ప్రకటించింది. అమ్మ కళ్ళు తుడుచుకుంది. నాన్న "మంచిపని" అన్నాడు. నాన్న పేపరు చదువుతున్నప్పుడు ఎవరేం చెప్పినా "మంచిపని" అనే అంటాడు. చెల్లిని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. చెల్లి ఆ గదిలోనే ఉంది.

తర్వాత పిన్ని మూడు మధ్యాహ్నాలు మా ఇంటికి వచ్చి, సోఫాలో కూర్చుని, ఒక లావుపాటి నోటుబుక్కులో చెల్లిని రాసుకుంది. చెల్లి కిటికీ దగ్గర నిలబడితే ఒక పేజీ. వేళ్ళు ఆడిస్తే రెండు పేజీలు. మంచినీళ్ళు తాగితే అదీ రాసుకుంది. ఆటిజం లేనివాళ్ళు మంచినీళ్ళు ఇంకోలా తాగుతారు కాబోలు. మూడో రోజు చెల్లి కూడా పిన్ని ఎదురుగా వచ్చి కూర్చుని, పిన్ని చేతిలోని పెన్ను వంక కాసేపు చూసి, "పిన్ని ముప్పై నాలుగుసార్లు పెన్ను కొరికింది" అని చెప్పింది. పిన్ని అది కూడా రాసుకుంది, చెల్లి పేరు మీద.

పిన్ని పుస్తకం సంగతికి వచ్చేలోపు అసలు విషయం నేనే చెప్పేస్తాను. బొమ్మలు ఉండవు, సర్దుకోండి.

మన చెవుల దగ్గర ఒక కాపలావాడు ఉంటాడు. ఫ్యాను చప్పుడు, పక్కింటివాళ్ళ టీవీ, రోడ్డు మీది హారన్లు, వీటన్నిటినీ గుమ్మంలోనే ఆపేసి, మనకు కావలసిన మాట ఒక్కదాన్నే లోపలికి వదులుతాడు. నా కాపలావాడు తన పిలుపుని కూడా ఆపేస్తున్నాడని అమ్మ ఫిర్యాదు. చెల్లికి ఆ కాపలావాడు లేడు. అన్ని చప్పుళ్ళూ ఒకేసారి తోసుకుంటూ వచ్చేస్తాయి. అందుకని చెవులు మూసుకుంటుంది. మనిషి ముఖంలోకి చూసి మాట్లాడదు. ఎందుకని అడిగితే, "మొహం కదులుతూ ఉంటుంది. చూస్తే మాట వినపడదు" అంది. నాకు సబబుగానే తోచింది. మా లెక్కల మాస్టారి మొహం చూస్తే నాకూ ఏమీ వినపడదు. వేళ్ళు గాలిలో ఆడిస్తోందంటే సంతోషంగా ఉందని. చెప్పకుండా వెనకనుంచి ముట్టుకుంటే వేడినీళ్ళు పడ్డట్టు ఎగిరిపడుతుంది. ఇక మాట విషయం. మీరు ఏమంటే అదే పట్టుకుంటుంది, తాను చూసింది చూసినట్టు చెబుతుంది. అబద్ధం ఆడదు. ఇది గొప్ప గుణమని పుస్తకాల్లో రాస్తారు. రాసేవాళ్ళు అలాంటి మనిషితో ఒక్క వారం ఒకే గదిలో పడుకుని చూడాలి.

అసలు చిక్కు ఇంకోటి ఉంది. ఏదైనా చోట ఒకసారి బెదిరిందంటే చెల్లికి ఆ చోటు అయిపోయినట్టే. మళ్ళీ అటువైపు అడుగు వేయదు. పార్కు అలాగే పోయింది, గడ్డి కోసే యంత్రం వల్ల. ఈత కొలను పోయింది, ఈల వల్ల. జుట్టు కత్తిరించే దుకాణం పోయింది. ఇప్పుడు ఆ పని అమ్మే చేస్తుంది కాబట్టి చెల్లి జుట్టు ఎప్పుడూ ఎడమ వైపుకి వాలి ఉంటుంది. ఇలా ఒక్కొక్కటీ పోగా పోగా, ఇల్లూ బడీ కాకుండా దానికి మిగిలింది ఒకే ఒక్క చోటు, మా వీధి చివరి పిల్లల లైబ్రరీ. అది కూడా ఊరికే రాలేదు. మొదటి నెల గేటు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేవాళ్ళం. రెండో నెల మెట్ల దాకా. ఐదో నెలలో చెల్లి తనంతట తాను లోపలికి నడిచింది. ఆ రోజు అమ్మ ఆసుపత్రి డ్యూటీలో ఉండి ఫోనులోనే ఏడ్చింది.

అప్పట్నుంచి ప్రతి శనివారం నాలుగింటికి చెల్లి లైబ్రరీలో ఉంటుంది. శనివారాలు అమ్మకు డ్యూటీ, నాన్నకు దుకాణం. తీసుకెళ్ళేది నేను.

అక్కడ చెల్లి చేసే పని ఇంకెవరూ చేయగా నేను చూడలేదు. ప్రతి పుస్తకం వెనక అట్ట లోపల ఒక చీటీ అతికించి ఉంటుంది. పుస్తకం ఎవరైనా తీసుకెళ్ళినప్పుడల్లా దాని మీద తేదీ ముద్ర వేస్తారు. చెల్లి వారానికి ఒక అలమర చొప్పున, అందులోని పుస్తకాలన్నీ ఒక్కొక్కటే తెరిచి చివరి తేదీ చూస్తుంది. ఎవరూ పట్టుకెళ్ళక ఎక్కువ కాలం అయిన పుస్తకం ఏదో తేల్చుకుని, దాన్ని ఇంటికి తెచ్చుకుంటుంది. మొత్తం చదువుతుంది కూడా. అలా మా ఇంటికి తేనెటీగల పెంపకం మీద ఒక పుస్తకం వచ్చింది, అదీ రెండో భాగం మాత్రమే. ఎందుకే ఇలాంటివి తెస్తావని అడిగితే, "దీని కోసం ఎవరూ రాలేదు" అంది. దానికి వెటకారంగా ఏదో ఒకటి అనాలని ఎంత వెతికినా నాకేమీ దొరకలేదు.

లైబ్రేరియన్ గారితో చెల్లికి బాగా కుదిరింది. పెన్సిలు కిందపడితే పెన్సిలు వంక కాకుండా మన వంక చూసే మనిషి ఆవిడ. ఇద్దరూ ఇన్ని నెలల్లో కలిపి పది మాటలు మాట్లాడుకుని ఉంటారు. ఇద్దరికీ అవి చాలా ఎక్కువే అనుకుంటాను.

సరే, పిన్ని పుస్తకం అచ్చయి వచ్చింది. అట్ట మీద పిల్ల పసుపు గౌను వేసుకుని ఉంది. జుట్టు రెండు వైపులా సమానంగా ఉంది. లోపల తొమ్మిది పేజీల పాటు ఆ పిల్ల ఒక మూల ఒంటరిగా కూర్చుంటుంది, ఎవరూ మాట్లాడరు. పదో పేజీలో తప్పిపోయిన కుక్కపిల్లను కనిపెడుతుంది. వెంటనే పిల్లలందరూ వచ్చి చుట్టూ చేరతారు. అంటే నీతో ఎవరైనా స్నేహం చేయాలంటే ముందు నువ్వొక కుక్కపిల్లను వెతికి తేవాలన్నమాట. నాకు నలుగురు స్నేహితులున్నారు. వాళ్ళలో ఏ ఒక్కరూ నన్ను ఏ జంతువునూ వెతికి తెమ్మని అడగలేదు. ఆఖరి పేజీలో అందరూ కలిసి ఆ పిల్లకు చప్పట్లు కొడతారు.

"పిన్నీ, చెల్లికి చప్పట్లు పడవు కదా" అన్నాను.

"నాకు తెలీదా? నోటుబుక్కులో రాసుకున్నాను కూడా. కానీ చప్పట్లు లేకపోతే కథ అయిపోయిందని పిల్లలకెలా తెలుస్తుందే?"

"పేజీలు అయిపోతాయి కదా."

"అక్కా, నీ పెద్దకూతురితో మాట్లాడితే నా తల ప్రాణం తోకకొస్తోంది" అని పిన్ని వంటింట్లోకి కేక పెట్టింది.

అంతటితో ఆగితే బాగుండేది. పుస్తకాన్ని పిల్లలందరి ముందూ చదివి వినిపించే సభ ఒకటి పెట్టారు. శనివారం. లైబ్రరీ చదువుల గదిలో. పెద్ద బడి హెడ్‌మాస్టరు గారు ముఖ్య అతిథి. మైకు, బెలూన్లు, బ్యానరు.

"దాని పుస్తకం, దాని లైబ్రరీలో, దాని రోజున! ఇంతకంటే ఏం కావాలే దానికి?" అంది పిన్ని.

"పిన్నీ, అది అక్కడ ఒక్కసారి బెదిరిందంటే ఇంక లైబ్రరీకి రాదు. దానికి ఇంకో చోటు లేదు. వద్దు పిన్నీ" అన్నాను. నా గొంతులో ఎప్పుడూ ఉండే పుల్లవిరుపు ఆ పూట లేకపోవడం చూసి పిన్నికి కూడా ఏదో తట్టినట్టుంది.

"మూడింటికి మొదలుపెట్టి మూడుముప్పావుకల్లా ముగించేస్తాం. నాలుగింటికి గది ఖాళీగా ఉంటుంది. మాట ఇస్తున్నాను, సరేనా?" అంది.

పిన్ని మాట ఇచ్చింది గాని హెడ్‌మాస్టరు గారు ఇవ్వలేదు. ముఖ్య అతిథి సమయానికి వస్తే ఇంక ముఖ్య అతిథి ఎలా అవుతాడు? ఆయన మూడూ నలభైకి వచ్చారట. వచ్చి, ఇంకొకరిని అర్థం చేసుకోవడం ఎంత గొప్ప విషయమో పావుగంట సేపు చెప్పారట. మేము నాలుగింటికి వెళ్ళేసరికి పిన్ని అప్పుడే రెండో పేజీ తిప్పుతోంది. వరండాలోకి మైకు గొంతు వినిపిస్తోంది. చెల్లి చేతులు మెల్లగా చెవుల దాకా వెళ్ళాయి.

"పది నిమిషాలు ఆగుదాం" అన్నాను.

నేను అందరూ అన్నట్టే అన్నాను. పది నిమిషాలంటే పది నిమిషాలని ఎవరైనా అనుకుంటారా? చెల్లి అనుకుంటుంది. తొమ్మిదేళ్ళుగా దానితో ఉంటూ నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది. చెల్లి చెవులు మూసుకునే ఉండి, వరండా గోడ మీది గడియారాన్ని చూస్తూ నిలబడింది. నాలుగూ పది కాగానే లోపలికి వెళ్ళిపోయింది. ఆపుదామంటే వెనకనుంచి పట్టుకోకూడదు. వెనకాలే పరుగెత్తాను.

గది నిండా జనం. నేల మీద పిల్లలు, కుర్చీల్లో పెద్దలు, ప్రతి ఒళ్ళోనూ పసుపు గౌను పిల్ల. మూడో వరసలో మా తరగతి అమ్మాయిలు ముగ్గురు ఉన్నారు. చెల్లి ఎవరినీ చూడలేదు. ఆ వారం దాని వంతు పదిహేనో అలమర. ఆ అలమరకు అడ్డంగా ఈ చివర నుంచి ఆ చివర దాకా బ్యానరు కట్టేశారు. దాని మీద "ఆటిజం ఉన్న పిల్లలను అర్థం చేసుకుందాం" అని అరచేయంత అక్షరాలతో రాసి ఉంది.

"ఇది తీయండి. ఈరోజు పదిహేను" అంది చెల్లి, మర్యాదగానే. మైకు హోరులో ఎవరికీ వినపడలేదు. మళ్ళీ చెప్పింది. మూడోసారి చెప్పకుండా తనే వెళ్ళి ముడి విప్పింది.

బ్యానరు ఒక వైపు ఊడి మైకు మీద పడింది. మైకు చెవులు చిల్లులు పడేలా కీచుమంది. బ్యానరుతో పాటు కట్టిన బెలూన్లు రెండు ఢాం ఢామ్మని పేలాయి. ఇదంతా కథలో భాగమనుకున్న ముందు వరస పిల్లలు ఉత్సాహంగా చప్పట్లు కొట్టారు. చెల్లి దగ్గర్లో ఉన్న బల్ల కిందికి దూరి, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని, రెండు చేతులతో చెవులు నొక్కుకుని, "ఊ" అని ఒకటే రాగం మొదలుపెట్టింది. అది ఏడుపు కాదు. బయటి చప్పుడు లోపలికి రాకుండా తన చప్పుడు అడ్డం పెట్టుకుంటుంది, అంతే. ఇది కూడా పిన్ని పుస్తకంలో లేదు.

ఆ గదిలో ఉన్నవాళ్ళంతా అప్పటిదాకా అరగంట సేపు ఆటిజం గురించి విన్నవాళ్ళే.

"ఏం పిల్లండీ బాబూ, ఇంత మంచి కార్యక్రమంలో!" అంది కొత్త పుస్తకాన్ని గుండెలకు హత్తుకున్న ఒకావిడ.

"గారాబం ఎక్కువైతే ఇలాగే తయారవుతారు" అన్నాడు ఆవిడ పక్కాయన.

"పాపం, ఆ ఆటిజం పిల్లలు ఎంత బుద్ధిగా ఉంటారో చూడండి" అని ఇంకొకావిడ అట్ట మీది బొమ్మను చూపించింది. నేను కల్పించి చెప్పడం లేదు. అచ్చంగా ఈ మాటే అంది.

హెడ్‌మాస్టరు గారు లేచి నిలబడ్డారు. "ఎవరండీ ఈ పిల్ల? ఎవరి తాలూకు?" అన్నారు.

గదిలో అందరూ అటూ ఇటూ చూశారు. మూడో వరసలో మా తరగతి అమ్మాయిలు చెల్లి వంక చూసి, ఒకరి చెవిలో ఒకరు ఏదో చెప్పుకుని, నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. నేను బల్లకు నాలుగడుగుల దూరంలో ఉన్నాను. ఒక్క మాట చెబితే చాలు. ఊళ్ళో అందరికీ పేర్లు పెట్టే నా నోరు ఆ ఒక్క మాటకు పెగల్లేదు. నా చెప్పుల వంక చూసుకున్నాను.

"నీతో వచ్చిందా అమ్మా?" అని ఆయన ఈసారి నేరుగా నన్నే అడిగారు.

నేను భుజాలు ఎగరేశాను.

అవును, ఎగరేశాను. తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా అది అలాగే ఉంది. పిన్ని కుందేలునీ, హెడ్‌మాస్టరు గారి ఉపన్యాసాన్నీ, ఆ పుస్తకం హత్తుకున్నావిడనీ ఎంత ఆడిపోసుకున్నా అది ఇంకోలా మారలేదు.

"నా పిల్లండీ" అని వినిపించింది.

పిన్ని. మైకు తీగ గోడలోంచి లాగి పారేసి వస్తోంది. "మా అక్క కూతురు. మీ చేతుల్లో ఉన్న పుస్తకం దీని గురించే. తప్పంతా నాది, దానిది కాదు" అంది.

"అయ్యో, అలాగా!" అన్నారు ఎవరో. ఇంకెవరో జాలితో మనసు కరిగిపోయి, ఏం చేయాలో తోచక, చప్పట్లు మొదలుపెట్టారు. గది మొత్తం అందుకుంది.

"కొట్టకండి!" అని పిన్ని అరిచింది. పళ్ళు తోముకోని కుందేలుతో కూడా మంచిగా మాట్లాడే మా పిన్ని. "చప్పట్లు కొట్టకండి, మీకు పుణ్యముంటుంది! దయచేసి అందరూ బయటికి వెళ్ళండి!"

లైబ్రేరియన్ గారు అప్పటికే తలుపు బార్లా తెరిచి పట్టుకుని నిలబడ్డారు. ఆవిడ నోరు విప్పలేదు, ఒక్కొక్కరి వంకా చూశారంతే. హెడ్‌మాస్టరు గారితో సహా అందరూ చప్పుడు కాకుండా చెప్పులు చేతపట్టుకుని నడిచారు. తర్వాత ఆవిడ లైట్లు ఆపేసి, ఫ్యాను కూడా ఆపేసి తన బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చున్నారు. పిన్ని కొత్త బట్టలతోనే నేల మీద కూర్చుంది, చెల్లికి రెండు మూరల ఎడంగా. ముట్టుకోలేదు. "ఏం కాదమ్మా" అనలేదు. పలకరించలేదు. ఊరికే పక్కన ఉంది. ఆ మూడు మధ్యాహ్నాలూ పిన్ని రాసుకున్నదాంట్లో ఇది కూడా ఉందన్నమాట. ఆ నోటుబుక్కుని చూసి నేను ఎన్ని జోకులు వేశానో నాకే తెలుసు.

ఇరవై నిమిషాలకు రాగం ఆగింది. చెల్లి బల్ల కిందనుంచి వచ్చి, పదిహేనో అలమర వంక చూడకుండా, నేరుగా ఇంటికి నడిచింది. పుస్తకం తీసుకోకుండా అది లైబ్రరీ నుంచి రావడం అదే మొదటిసారి.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర, ఏం జరిగిందో చెప్పమంది అమ్మ. నేను చెప్పాను. నాకు చెప్పడం బాగా వచ్చు. ముఖ్య అతిథి ఎలా లేచి నిలబడ్డారో, బెలూన్లు ఎలా పేలాయో, బుద్ధిగల బొమ్మను చూపించినావిడ ఎలా కళ్ళు తిప్పిందో, అన్నీ చేసి చూపించాను. నాన్న పేపరు పక్కన పెట్టాడు. అంత బాధలోనూ అమ్మకు కాస్త నవ్వు వచ్చింది. ఒక్క ముక్క మాత్రం వదిలేశాను.

నేను ఆగాక చెల్లి కంచంలోకి చూస్తూ చెప్పింది. "హెడ్‌మాస్టరు గారు 'ఎవరండీ ఈ పిల్ల' అని అడిగారు. అక్క చెప్పలేదు. 'నీతో వచ్చిందా' అని అడిగారు. అక్క భుజాలు ఎగరేసింది. పిన్ని చెప్పింది." తర్వాత మంచినీళ్ళు కావాలంది.

చెవులు మూసుకుని, తల వంచుకుని, రాగం తీస్తూ, బల్ల కింద ఉండి అన్నీ విన్నది. అన్నీ చూసింది. కోపంగా చెప్పి ఉంటే తిరిగి పోట్లాడేదాన్ని. నేను వదిలేసిన ముక్కను దాని చోట పెట్టింది, అంతే. అమ్మ నన్ను ఏమీ అనలేదు. నాన్న కూడా "మంచిపని" అనలేదు.

ఆ వారమంతా ఇంట్లో లైబ్రరీ మాట ఎవరూ ఎత్తలేదు. బుధవారం పిన్ని వచ్చి, ఈసారి నోటుబుక్కు తీయకుండా, పుస్తకాన్నీ ఒక పెన్సిలునీ చెల్లి ముందు పెట్టి, "తప్పులుంటే దిద్దుతావా అమ్మా?" అని అడిగింది. అడిగింది! చెల్లి గంటన్నర సేపు దిద్దింది. పదో పేజీ పక్కన "నేను కుక్కపిల్లను కనిపెట్టలేదు. నాకు కుక్కలంటే భయం" అని రాసింది. ఆఖరి పేజీ మొత్తం కొట్టేసింది. పిన్ని ఆ రెండింటినీ మళ్ళీ మళ్ళీ చదువుకుని, ముక్కు చీదుకుని, పుస్తకాన్ని సంచిలో పెట్టుకుంది. కొట్లకు వెళ్ళాల్సిన మిగతా కట్టలు పిన్ని ఇంట్లోనే ఆగిపోయాయని తర్వాత తెలిసింది.

శుక్రవారం సాయంత్రం అమ్మ ఇక ఆగలేక అడిగేసింది. "రేపు లైబ్రరీకి వెళ్తావా అమ్మా? వెళ్ళకపోయినా ఏం పర్లేదు."

ముగ్గురం దాని వంకే చూస్తూ నిలబడ్డాం. పార్కు పోయినప్పుడూ, ఈత కొలను పోయినప్పుడూ ఇలాగే అడిగి, ఇలాగే నిలబడ్డాం. రెండుసార్లూ చెల్లి "వెళ్ళను" అంది.

"వెళ్తాను. పదిహేను అవలేదు" అంది చెల్లి.

అమ్మ అక్కడే కుర్చీలో కూలబడింది. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. "రేపు మూడున్నరకే బయల్దేరదామే, దారిలో గబగబా నడవక్కర్లేదు" అన్నాను.

"పిన్నితో వెళ్తాను" అంది చెల్లి.

"నాతో ఎందుకు రావు?"

"ఎవరైనా అడిగితే పిన్ని చెప్తుంది" అంది. అంతకంటే ఏమీ లేదు. వాన వస్తే గొడుగున్న వాళ్ళతో వెళ్తాననడం ఎలాగో అదీ అలాగే.

శనివారం మూడున్నరకు పిన్ని వచ్చింది. ఇద్దరూ గుమ్మం దాటుతుంటే నేను చెప్పులు చేత్తో పట్టుకుని వెనకాలే వెళ్ళాను. "నేనూ రానా?" అన్నాను. చెల్లెల్ని బతిమాలుకునే రోజు వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

చెల్లి ఆగింది. నా చేతిలోని చెప్పుల వంక చూస్తూ, "ఎవరైనా అడిగితే?" అంది.

"చెప్తాను."

"ఏమని?"

"నా చెల్లెలని."

చెల్లి బాగా ఆలోచించింది. నేను మాట ఇచ్చినంత మాత్రాన సరిపోదు దానికి. "అడిగాక చూద్దాం" అని నడక మొదలుపెట్టింది. పిన్ని నా వంక చూసి, రమ్మని తల ఊపింది. నేను పది అడుగులు వెనకగా నడిచాను.

ఆ రోజు దారి పొడుగునా ఎవరైనా అడగకపోతారా అని చూశాను. మామూలు రోజుల్లో మా వీధిలో అడగనిదంటూ ఉండదు. మార్కులెన్ని, మీ నాన్న జీతమెంత, మొహమేంటి అలా ఉంది, అన్నీ అడుగుతారు. ఆ రోజు మాత్రం అందరికీ ఎక్కడలేని మర్యాద ముంచుకొచ్చింది. లైబ్రరీ వరండాలో ఒక తాతగారు పేపరు చదువుకుంటూ కనిపించారు. పిన్నీ చెల్లీ లోపలికి వెళ్ళాక నేను ఆయన దగ్గర ఆగి, "తాతగారూ, ఆ పిల్ల ఎవరో అడగండి" అన్నాను.

ఆయన కళ్ళజోడు పైనుంచి చూశారు. "ఎవరమ్మా ఆ పిల్ల?" అన్నారు, ఎందుకొచ్చిన గొడవ అన్నట్టు.

"నా చెల్లెలండీ!" అన్నాను, చదువుల గది చివరిదాకా వినపడేలా. లైబ్రేరియన్ గారు నా వంక చూశారు.

చెల్లి పదిహేనో అలమర ముందు కూర్చుని, ఒక పుస్తకం వెనక అట్ట తెరిచి, తేదీల మీద వేలు పెట్టి ఉంది. తల తిప్పలేదు. "అది నువ్వు అడిగించావు. లెక్కలోకి రాదు" అంది.

ఇది జరిగి ఏడు వారాలైంది. చెల్లి ఇరవై రెండో అలమర దగ్గర ఉంది. ఒక్క శనివారం కూడా తప్పలేదు, బెదరలేదు. నేను ఇప్పటికీ పది అడుగుల వెనకే నడుస్తున్నాను. ఇంకా ఎవరూ అడగలేదు. మీరెప్పుడైనా శనివారం నాలుగింటికి కాస్త ముందు మా వీధిలోకి వస్తే, జుట్టు ఎడమ వైపుకి వాలిన పిల్ల ఒకత్తె కనిపిస్తుంది. కొంచెం ఆగి, నన్ను చూసి, ఆ పిల్ల ఎవరని అడగండి. నేను అడగమన్నానని మాత్రం చెప్పకండి.